మచ్చిక తప్పిన పెద్దబాతులు: జలాశయాల గట్ల మీద ఎలా నిలదొక్కుకుంటున్నాయి?

జలాశయం గట్టున తెల్లని పెద్దబాతుల గుంపు ఏడాది పొడవునా కనిపిస్తుంటుంది. వలస పక్షులు వచ్చిన కాలంలో వాటితో కలిసి మేస్తుంది, అవి వెళ్లిపోయాక కూడా అక్కడే ఉంటుంది. వసంతంలో ఆ గుంపు వెనుక పసుపు, బూడిద కలిసిన నూగుతో పిల్లలు బారులు తీరి నడుస్తుంటాయి. కాపలా మనిషి ఉండడు, రాత్రికి తోలుకెళ్లే దొడ్డి ఉండదు. ఇవి అడవి పక్షులా, ఎక్కడి నుంచో తప్పించుకు వచ్చినవా, వీటికి తిండి వేయాలా, పట్టి తరలించాలా అన్న వాదన యూరప్, ఉత్తర అమెరికా, న్యూజిలాండ్‌లలోని పట్టణాల్లో తరచూ తలెత్తుతుంది. సమాధానాలకు పొంతన కుదరకపోవడానికి కారణం, ఒకే గట్టు మీద మేసే పెద్దబాతులన్నీ ఒకే కోవకు చెందినవి కాకపోవడమే.

క్లుప్తంగా

ఇంగ్లిషులో గూస్ అని పిలిచే పక్షికే ఇక్కడ పెద్దబాతు అన్న పేరు. పెంపుడు పెద్దబాతులు మనిషి చెయ్యి దాటి, బయట సొంతంగా బతుకుతూ, అక్కడే పిల్లలను పెంచుకుంటే శాస్త్ర పరిభాషలో వాటిని ఫెరల్ పక్షులంటారు. మచ్చిక తప్పినవి అన్న మాట దానికి దగ్గరగా ఉంటుంది. వేల ఏళ్ల పెంపకంలో వచ్చిన బరువైన ఒళ్లు, ఎక్కువ గుడ్లు, మనిషంటే బెదురు లేకపోవడం వాటి బయటి బతుకును కూడా శాసిస్తున్నాయి. చాలా గుంపులు వాటి సొంత సంతానం వల్ల మాత్రమే నిలబడటం లేదు. కొత్తగా తెచ్చి వదిలే పక్షులు, జనం వేసే తిండి వాటిని నిలబెడుతున్నాయి. గుడ్లు, గట్టు, వదిలేసే చేతులు - ఈ మూడింటి దగ్గరా పని జరిగినప్పుడే వాటి సంఖ్య అదుపులోకి వస్తుంది.

ఏది మచ్చిక తప్పినది, ఏది కాదు

బ్రిటన్‌లో కనిపించే కెనడా గూస్ 17వ శతాబ్దంలో రాజోద్యానాల అలంకారం కోసం తెచ్చిన పక్షి. దాన్ని ఎవరూ మచ్చిక చేసి రకాలుగా మార్చలేదు. ఒక ఖండం నుంచి మరో ఖండానికి తరలించారు, అంతే. అది పరాయి జాతి మాత్రమే. ఇంగ్లండ్‌లోని బూడిదరంగు గ్రేలాగ్ గూస్ కథ వేరు. చిత్తడి నేలలను ఎండగట్టడంతో అది చాలా ప్రాంతాల్లో గూడు కట్టడం మానేసింది. 20వ శతాబ్దంలో నీటిపక్షుల వేటగాళ్ల సంఘాలు దాన్ని మళ్లీ తెచ్చి వదిలాయి. అది తిరిగి స్థిరపడిన అడవి పక్షి. మూడో కోవ అసలైన పెంపుడు రకాల సంతతి. వీటి ముత్తాతలు మాంసం కోసం, గుడ్ల కోసం, ఈకల కోసం దొడ్లలో పెరిగినవి.

ఈ తేడా చట్టం దగ్గర చాలా ముఖ్యం. అమెరికాలో 1918 నాటి వలస పక్షుల ఒప్పంద చట్టం కెనడా గూస్‌కు రక్షణ ఇస్తుంది. దాని గూటిని ముట్టుకోవాలన్నా నిబంధనలున్నాయి. పెంపుడు పెద్దబాతుకు ఆ చట్టం వర్తించదు. రెండు గూళ్ల మధ్య పది అడుగుల దూరమే ఉన్నా, ఒకదాని గుడ్డును కదపడం నేరం కావచ్చు, రెండోదాని విషయంలో కాకపోవచ్చు. అలాగని పెంపుడు పక్షిని ఏం చేసినా చెల్లుతుందని కాదు. జంతు హింస నిరోధక చట్టాలు, స్థానిక నిబంధనలు దానికీ వర్తిస్తాయి. అందుకే గుంపు గురించి నిర్ణయం తీసుకునే ముందు ఒక్కో పక్షినీ గుర్తుపట్టడం తప్పనిసరి.

రెండు అడవి జాతులు, ఒకే దొడ్డి

పెంపుడు పెద్దబాతులకు మూలం రెండు అడవి జాతులు. యూరప్ రకాలు చాలావరకు గ్రేలాగ్ నుంచి, చైనా రకం, ఆఫ్రికన్ అని పేరుపడ్డ రకం తూర్పు ఆసియాలోని స్వాన్ గూస్ నుంచి వచ్చాయి. ఆఫ్రికన్ అన్న పేరుకూ ఆ ఖండానికీ సంబంధం లేదు. ఈజిప్టులో 3 వేల ఏళ్ల కిందటే పెద్దబాతులను పెంచారు. చైనాలోని తియాన్‌లువోషాన్ తవ్వకాల్లో దొరికిన ఎముకలు అంతకన్నా చాలా వెనక్కి, సుమారు 7 వేల ఏళ్ల కిందటి పెంపకానికి ఆధారాలు చూపాయి.

గట్టు మీది పక్షి ఎవరి సంతతో ముక్కు చూసి చెప్పవచ్చు. స్వాన్ గూస్ సంతతికి ముక్కు మొదట్లో, నుదుటికి ఆనుకుని గట్టి బుడిపె ఉంటుంది. తల మీది నుంచి మెడ వెనుకగా ముదురు గోధుమరంగు చార దిగుతుంది. గ్రేలాగ్ సంతతికి ముక్కు నున్నగా, నారింజ లేదా గులాబీ రంగులో ఉంటుంది. తెల్ల పక్షులకైతే కళ్లు చాలావరకు నీలం. ఈ రెండు సంతతులూ కలిస్తే పుట్టే పిల్లలు కూడా గుడ్లు పెట్టి వంశాన్ని కొనసాగించగలవు. ఉద్యానవనాల్లోని గుంపుల్లో చిన్న బుడిపె, సగం చార, రెక్క మీద తెల్లమచ్చ వంటి అతుకుల రూపాలు కనిపించడానికి కారణం ఇదే.

ఇవి బయటికి వచ్చిన దారులు చాలా ఉన్నాయి. అమెరికా దక్షిణాదిలో పత్తిచేలలో కలుపు తినిపించడానికి పెద్దబాతులను గుంపులుగా తిప్పేవారు. అపరిచితుల అలికిడికి గట్టిగా అరుస్తాయి కనుక కాపలాకు పెంచినవారున్నారు, చెరువు అందానికి వదిలినవారున్నారు. ఇప్పుడు ప్రధానంగా వినిపిస్తున్నది మాత్రం వదిలేయడమే. ముద్దొచ్చే పిల్లలను కొంటారు. కొన్ని నెలల్లో అవి పెద్ద గొంతుతో, పదునైన ముక్కుతో, రోజంతా గడ్డి కావాలనే పక్షులవుతాయి. పైగా ఇవి 20 ఏళ్లకు పైగా బతకగలవు. ఈ సంగతి కొనేటప్పుడు ఎవరికీ తట్టదు. నీళ్లున్నచోట వదిలితే హాయిగా బతుకుతాయన్న నమ్మకంతో తెచ్చి దింపుతారు. ఆ నమ్మకం ఎంత తప్పో పక్షి ఒంటినే చూస్తే తెలుస్తుంది.

మనిషి ఎంచుకున్న ఒళ్లు

అడవి గ్రేలాగ్ సుమారు 3 కిలోలు తూగుతుంది. తులూజ్, ఎంబ్డెన్ వంటి పెంపుడు రకాల్లో మగపక్షులు 10 కిలోల దాకా, ఒక్కోసారి అంతకు మించి కూడా పెరుగుతాయి. ఒళ్లు మూడింతలైనా రెక్కల వైశాల్యం ఆ లెక్కన పెరగలేదు. అంటే రెక్కలోని ప్రతి చదరపు అంగుళమూ మోయాల్సిన బరువు బాగా పెరిగిపోయింది. దానికి తోడు కొవ్వు వెనుక భాగంలో పేరుకోవడంతో బరువు అటు జరిగి, నడక నిటారుగా మారింది. కొన్ని రకాలకు కాళ్ల మధ్య వేలాడే పొట్ట నేలను రాస్తుంటుంది. నక్క కనబడితే అడవి పక్షి క్షణాల్లో గాలిలోకి లేస్తుంది. బరువైన పెంపుడు పక్షి గట్టు వెంట పరుగెత్తి, రెక్కలు కొట్టుకుంటూ నీటిలోకి జారగలదు. నీరు దూరంగా ఉంటే దానికి తప్పించుకునే దారి లేనట్టే. చైనా రకం వంటి తేలికపాటివి మాత్రం కొంత దూరం ఎగరగలవు. బయట బతికే అవకాశాలు వాటికి కాస్త మెరుగు.

తెల్లరంగు కూడా మనిషి ఎంపికే. తెల్ల ఈకలకు గిరాకీ ఎక్కువ, పీకిన తర్వాత చర్మం మీద మచ్చలు మిగలవు. గూటి మీద కూర్చున్న ఆడపక్షికి మాత్రం అదే ప్రమాదం. బూడిదరంగు పక్షి ఎండు రెల్లులో కలిసిపోతుంది, తెల్లది అవతలి గట్టు నుంచే కనిపిస్తుంది.

మచ్చిక తప్పడమంటే మచ్చిక వెనక్కి నడవడం కాదన్నది ఈ విషయంలో తరచూ మరుగునపడే సంగతి. కొన్ని తరాలు బయట బతికితే పెంపుడు జంతువు పూర్వపు అడవి రూపానికి తిరిగి వెళ్తుందని చాలామంది అనుకుంటారు. హవాయీ దీవుల్లోని కవాయీలో స్వేచ్ఛగా తిరిగే కోళ్ల మీద జరిగిన అధ్యయనాలు అలా చెప్పడం లేదు. వాటిలో పెంపుడు కోడి, అడవికోడి జన్యువులు రెండూ కలగలిసి ఉన్నాయి. బయటి పరిస్థితులు ఆ మిశ్రమం నుంచి పనికొచ్చిన వాటిని నిలుపుకుంటూ కొత్త పక్షిని తయారుచేస్తున్నాయి. పెద్దబాతుల విషయంలో ఈ మార్పు ఇంకా నెమ్మదిగా సాగుతుందని ఆశించాలి. వాటి ఆయుష్షు ఎక్కువ, తరానికీ తరానికీ మధ్య ఎడం ఎక్కువ. అంతలోనే ఎవరో మరో బరువైన జంటను తెచ్చి వదులుతారు.

దారి చూపే పెద్దలు లేని గుంపు

ఎగరగలిగిన తేలికపాటి పక్షులైనా శీతాకాలంలో ఎందుకు వలస వెళ్లవు? దీనికి సమాధానం రెక్కల్లో లేదు, పెంపకంలో ఉంది. పెద్దబాతు పిల్ల గుడ్డు నుంచి బయటపడిన తొలి గంటల్లో చూసిన కదిలే రూపాన్నే తల్లిగా మనసులో ముద్ర వేసుకుంటుంది. కాన్రాడ్ లోరెంజ్ గ్రేలాగ్ పిల్లలను తన వెంట నడిపించుకుని ఈ ముద్రను ప్రపంచానికి చూపించాడు. జంతు ప్రవర్తన అధ్యయనాలకు 1973లో మరో ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఆ ముద్ర ప్రభావం తొలి నెలల తర్వాత కూడా కొనసాగుతుంది. మొదటి శరదృతువులో పిల్లలు తల్లిదండ్రుల వెంట ఎగిరి, ఎక్కడ ఆగాలో, ఏ నది వెంట మళ్లాలో నేర్చుకుంటాయి. పెద్దబాతుల వలసదారి ఒక తరం మరో తరానికి అప్పగించే జ్ఞానం.

1993లో బిల్ లిష్‌మన్ అనే కెనడా వాసి, తాను పెంచిన కెనడా గూస్ పక్షులకు తేలికపాటి విమానంతో దారి చూపుతూ ఒంటారియో నుంచి వర్జీనియా దాకా తీసుకెళ్లాడు. దారి చూపే పెద్ద మనిషైనా, యంత్రమైనా పక్షులు నేర్చుకున్నాయి. అదే సూత్రానికి రెండో ముఖం కూడా ఉంది. అమెరికాలో వేటగాళ్లు బతికున్న కెనడా గూస్‌లను ఎరగా ఉంచి అడవి గుంపులను దించేవారు. 1935లో ఆ పద్ధతిని నిషేధించాక అలాంటి పక్షులు చాలా బయటికి వచ్చాయి. వాటి రెక్కలు ఏ లోపమూ లేనివే, కానీ దారి నేర్పే పెద్దలు లేరు. వాటి సంతతి చాలావరకు పుట్టినచోటే స్థిరపడింది. మచ్చిక తప్పిన పెద్దబాతు ఇటు బరువుకు, అటు దారి తెలియకపోవడానికి కట్టుబడిన పక్షి. నీరు గడ్డకట్టినా, మేత అయిపోయినా అది ఆ గట్టునే అంటిపెట్టుకుంటుంది.

తోటి జాతి పక్షి దొరకనప్పుడు దాని జతకట్టే స్వభావం ఎంత దూరమైనా పోతుంది. న్యూజిలాండ్‌లోని వైకనాయె మడుగులో స్థానికులు థామస్ అని పిలుచుకున్న మగ పెద్దబాతు ఒక నల్లహంసతో ఏళ్ల తరబడి జతగా ఉంది. ఆ హంస తర్వాత ఒక ఆడహంసతో కూడి పిల్లలను కన్నప్పుడు, థామస్ వాటి పెంపకంలోనూ పాలు పంచుకుంది. థామస్ 2018లో చనిపోయింది.

గూటి దగ్గర జరిగేది

ఒక గుంపు నిలబడుతుందా, కరిగిపోతుందా అన్నది గూటి దగ్గరే తేలుతుంది. ఆడపక్షి నీటికి దగ్గరగా, వీలైతే చిన్న దిబ్బ మీద, నేలలో గుంట చేసి ఎండుగడ్డి పరుస్తుంది. తర్వాత తన రొమ్ము మీది మెత్తటి నూగు పీకి లోపల సర్దుతుంది. మేతకు లేచినప్పుడు ఆ నూగునే గుడ్ల మీద కప్పి వెళ్తుంది. వెచ్చదనం నిలుస్తుంది, కాకి కంట పడకుండానూ ఉంటుంది. విడత గుడ్లన్నీ పెట్టాకే పొదగడం మొదలుపెడుతుంది కనుక, ముందు వెనుకలుగా పెట్టిన గుడ్లయినా దాదాపు ఒకేసారి పిల్లలవుతాయి. పొదిగే కాలం సుమారు 28 నుంచి 30 రోజులు. మగపక్షి పొదగదు. మెడ నేలబారుగా చాచి, బుసకొడుతూ దగ్గరికొచ్చిన ప్రతిదాన్నీ తరుముతుంది.

గుడ్డు గూటి అంచు దాటి దొర్లితే ఆడపక్షి మెడ చాచి, ముక్కు కింది భాగంతో దాన్ని నెమ్మదిగా లోపలికి లాక్కుంటుంది. లోరెంజ్, నికో టింబర్గెన్ 1938లో ఈ కదలికను వివరంగా వర్ణించారు. మధ్యలో గుడ్డును తీసేసినా పక్షి ముక్కు ఖాళీ నేల మీదనే గూటిదాకా కదిలి ఆగుతుంది. వేల ఏళ్ల పెంపకం ఇలాంటి లోతైన అలవాట్లను చెరపలేదు.

చెదరగొట్టింది వేరొకదాన్ని. అడవి గ్రేలాగ్ ఒక విడతలో సాధారణంగా 4 నుంచి 6 గుడ్లు పెడుతుంది, ఒకే జతతో ఏళ్ల తరబడి ఉంటుంది, దాదాపు మూడేళ్ల వయసులో గాని గూడు కట్టదు. పెంపుడు రకాలు ఒకటి రెండేళ్లకే గుడ్లకు వస్తాయి; ఏడాదికి పదుల సంఖ్యలో పెట్టేవి ఉన్నాయి; ఒక మగపక్షి పలు ఆడపక్షులతో కూడుతుంది. లెక్క ప్రకారం పిల్లలు కుప్పలు తెప్పలుగా పుట్టాలి. అలా జరగకపోవడానికి కారణం కూడా ఆ ఎక్కువ గుడ్లే. ఇద్దరు ముగ్గురు ఆడపక్షులు ఒకే గూట్లో పెడితే గుడ్లు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. ఒక పక్షి ఒంటి కింద పదీ పన్నెండు గుడ్లకు మించి సరిగా పట్టవు. అంచున ఉన్నవి చల్లబడి పాడవుతాయి. ఎక్కువ గుడ్ల కోసం ఎంచిన కొన్ని రకాలకు పొదుగుకు కుదురుగా కూర్చునే గుణమే తగ్గిపోయింది.

అందుకే పక్కపక్క చెరువుల్లోనే ఫలితాలు వేరుగా ఉంటాయి. నక్కలు, కుక్కలు తిరిగే గట్టున గుంపు ఏటికేడు పలచబడుతుంది. మధ్యలో దిబ్బ, చుట్టూ కత్తిరించిన పచ్చిక, చలికాలంలో గడ్డకట్టని నీరు ఉన్నచోట అది పెరుగుతుంది. జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో నెకార్ నది ఒడ్డు పచ్చికల మీద స్వాన్ గూస్ సంతతి దశాబ్దాలుగా నిలదొక్కుకోవడానికి అలాంటి పట్టణ వాతావరణమే తోడ్పడింది. ఫాక్లాండ్ దీవుల్లోనూ పెంపుడు పెద్దబాతుల సంతతి స్వేచ్ఛగా బతుకుతోంది.

అడవి రక్తంలో కలిసినప్పుడు

గ్రేలాగ్ సంతతికి చెందిన పెంపుడు పక్షికీ అడవి గ్రేలాగ్‌కూ మధ్య జాతిభేదం లేదు. జతకడితే పుట్టే పిల్లలు పూర్తిగా సంతానోత్పత్తి చేయగలవు. యూరప్‌లో అడవి, పెంపుడు పెద్దబాతుల మధ్య జన్యువులు రెండు వైపులా ప్రవహించాయని జన్యు పరిశోధనలు చూపాయి. కెనడా గూస్‌తో కలిస్తే పరిస్థితి వేరు. అది దూరపు బంధువు. తెల్లబుగ్గలు, నారింజ కాళ్లతో వింతగా కనిపించే ఆ సంకర పిల్లలకు చాలావరకు సంతానం ఉండదు. చూపరులకు ఆశ్చర్యం కలిగించేది ఈ రెండోదే అయినా, అడవి జాతి భవిష్యత్తుకు సంబంధించినది మొదటిదే. తొందరగా గుడ్లకు రావడం, బెదురు తగ్గడం వంటి లక్షణాలు అడవి గుంపులోకి చేరితే, వాటిని గుర్తించి వేరుచేయడం తర్వాత సాధ్యం కాదు.

స్వాన్ గూస్ విషయం మరింత ఆలోచింపజేస్తుంది. దాని పెంపుడు సంతతి లెక్కకు మిక్కిలిగా ఉంది. మంగోలియా, రష్యా, చైనాల్లో మిగిలిన అడవి పక్షి మాత్రం ముప్పులో ఉన్న జాతి. హైడెల్‌బర్గ్ పచ్చిక మీది గుంపు ఎంత పెరిగినా ఆ అడవి జాతికి ఒరిగేదేమీ లేదు.

నీరు, గడ్డి, రొట్టె, రోగం

పెద్దబాతు గడ్డి మేస్తుంది కానీ ఆవులా నెమరు వేయదు. గడ్డిలోని పీచును అరిగించుకునే శక్తి దానికి తక్కువ; మేత కొద్ది గంటల్లోనే ఒంటిలోంచి వెళ్లిపోతుంది. కడుపు నిండాలంటే ఆగకుండా మేయాలి, మేసినకొద్దీ రెట్ట వేయాలి. చిన్న చెరువు చుట్టూ పెద్ద గుంపు ఉంటే ఆ రెట్టలోని నైట్రోజన్, ఫాస్ఫరస్ నీటిలో చేరి నాచును పెంచుతాయి, నాచు చచ్చి కుళ్లేటప్పుడు నీటిలోని ఆక్సిజన్ తగ్గుతుంది. మొదళ్ల దాకా కొరికిన గట్టు వానకు కోసుకుపోతుంది. వలస పక్షులు కొద్ది వారాలు ఉండి వెళ్లిపోతాయి. ఇవి పన్నెండు నెలలూ ఉంటాయి. నష్టంలో అసలు తేడా అక్కడే ఉంది.

జనం వేసే రొట్టె ఈ చక్రాన్ని మరింత తిప్పుతుంది. గట్టు భరించగలిగినదానికన్నా ఎక్కువ పక్షులను అది అక్కడ నిలుపుతుంది. ఎదిగే పిల్లల్లో ఏంజెల్ వింగ్ అనే రెక్క వంకరను కూడా ఈ తిండితో ముడిపెడతారు. శక్తి మరీ ఎక్కువగా, పోషకాలు తక్కువగా ఉన్న మేతతో రెక్క ఈకలు త్వరగా బరువెక్కుతాయి, మణికట్టు వంటి ఆఖరి కీలు ఆ బరువు ఆపలేక బయటికి తిరిగిపోతుంది. ఈకలు పక్కకు కత్తుల్లా పొడుచుకు వస్తాయి. పెరుగుదల పూర్తయ్యాక ఆ రెక్క సరికాదు. ఎగరగలిగే తేలికపాటి పిల్ల కూడా ఆ చెరువుకే బందీ అయిపోతుంది. ప్రేమతో వేసిన ముక్కే ఈ పని చేయడం బాధాకరం.

రోగాల విషయంలో భయపెట్టకుండా చెప్పగలిగినది ఇది: పెంపుడు, అడవి పక్షులు ఒకే నీటిని పంచుకునే చోటు వైరస్‌లకు వంతెన. డక్ ప్లేగ్ వైరస్ నుంచి కోలుకున్న పక్షి దాన్ని ఏళ్ల తరబడి మోయగలదు. 1973లో అమెరికాలోని దక్షిణ డకోటా రాష్ట్రం లేక్ ఆండీస్‌లో ఆ రోగం సుమారు 40 వేల అడవి బాతులను పొట్టనబెట్టుకుంది. నేటి హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ వంశానికి మూలమైన వైరస్‌ను 1996లో చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో ఒక పెంపుడు పెద్దబాతులోనే గుర్తించారు. చచ్చిపడిన పక్షిని ముట్టుకోకుండా పశువైద్య శాఖకు తెలపడం ఇందుకే.

విమానాల ముప్పును మాత్రం ఈ పక్షులకు అంటగట్టడం సరికాదు. 2009 జనవరి 15న న్యూయార్క్‌లో హడ్సన్ నది మీద దిగాల్సి వచ్చిన విమానాన్ని ఢీకొన్నవి కెనడా గూస్‌లు. అవి వలస పక్షులేనని ఈకల పరీక్షలో తేలింది. బరువైన పెంపుడు పెద్దబాతు ఆ ఎత్తుకు చేరలేదు.

అదుపు ఎలా

గుడ్లను ఎత్తుకెళ్తే పని జరిగిందనిపిస్తుంది కానీ, ఆడపక్షి మళ్లీ పెడుతుంది. అందుకే గుడ్లకు మొక్కజొన్న నూనె పూసి గూట్లోనే ఉంచే పద్ధతి వచ్చింది. నూనె పెంకు రంధ్రాలను మూసేస్తుంది, లోపలి పిండానికి గాలి అందదు, తల్లి మాత్రం పొదుగు కాలమంతా కూర్చుంటుంది. పూసే ముందు గుడ్డును నీటిలో వేసి చూస్తారు. మునిగితే పిండం ఇంకా తొలిదశలో ఉన్నట్టు. తేలితే రెండు వారాలు దాటినట్టు. అలాంటి గుడ్డును ముట్టుకోకుండా వదిలేస్తారు. బాధ కలిగే దశ రాకముందే ఆపాలన్న పట్టింపు ఈ పద్ధతిలో ఉంది.

ఇది కొత్త పిల్లలను ఆపుతుంది, ఉన్న పక్షులను తగ్గించదు. ఇరవై ఏళ్లు బతికే పక్షుల గుంపులో దాని ఫలితం కనిపించడానికి చాలా కాలం పడుతుంది. గట్టును మార్చడం అంతకన్నా త్వరగా పనిచేస్తుంది. మేసేటప్పుడు చుట్టూ చూపు ఆనాలని, నీరు రెండడుగుల్లో ఉండాలని పెద్దబాతు కోరుకుంటుంది. నీటి అంచున పొడుగాటి గడ్డి, రెల్లు పెంచితే అక్కడ నక్క దాగుందేమోనన్న అనుమానంతో దూరం జరుగుతుంది. తరలించాల్సి వస్తే వేసవి మధ్యలో ఈకలు రాల్చే సమయం చూసుకుంటారు. పెద్దబాతులు పెద్ద రెక్క ఈకలన్నీ ఒకేసారి రాల్చేస్తాయి. సుమారు ఒక నెల పాటు అడవిదైనా, పెంపుడుదైనా ఎగరలేదు. అయితే పట్టిన పెంపుడు పక్షులను మరో చెరువులో వదిలితే సమస్య చోటు మారుతుంది, అంతే. వాటికి కావలసింది దొడ్డి ఉన్న ఇల్లు.

ఆ నెల లెక్కకు కూడా అనువైనది. గుంపు ఎటూ కదలదు కనుక రంగు, ముక్కు బుడిపె, రెక్క మచ్చలను బట్టి ఒక్కో పక్షినీ రాసుకోవచ్చు. మరుసటి ఏడాది అదే పట్టిక పక్కన పెట్టుకుని చూస్తే, అక్కడే పుట్టి పెరిగినవి ఏవో, కొత్తగా వచ్చి చేరినవి ఏవో తేలిపోతుంది. కిందటేడు లేని బరువైన తెల్ల జంట ఒకటి కనిపించిందంటే, అది ఎగిరి వచ్చింది కాదు. ఎవరో రాత్రివేళ బండిలో తెచ్చి గట్టున దింపి వెళ్లింది.